కిటికీ ముందు గులాబీ రంగు

ఊళ్లో సగం గోడలకు రంగులు వేసిన పెయింటరు ఇంటి ముందు మాత్రం ఖాళీ డబ్బాలు, విరిగిన నిచ్చెన, గట్టిపడిన బ్రష్షులు తప్ప మరేమీ ఉండేవి కావు. ఆయన భార్య నర్సు. ఒకరోజు ఆసుపత్రి మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేసి, మంచం దిగొద్దన్నారు. జీవితమంతా రోగులను కదలొద్దని కసిరిన మనిషికి తానే కదలకుండా ఉండాల్సి వచ్చేసరికి ప్రాణం మీదికొచ్చినట్టయింది. గాలి కోసం మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపితే, అక్కడ కనిపించింది ఆ డబ్బాల గుట్టే.

“ఏమండీ, పొద్దున లేస్తే ఈ డబ్బాల మొహం చూడలేక చస్తున్నా. అవి తీసేసి పూలమొక్కలు వేయండి. అన్నీ గులాబీ రంగువే.”

“అన్నీనా? మధ్యమధ్యలో కాస్త పసుపు పడితే బాగుంటుంది కదా?”

“కాలు విరిగింది మీకా, నాకా?”

ఆయన వెంటనే డబ్బాలు ఎత్తించి, వీధి చివరి నర్సరీకి వెళ్లాడు.

“గులాబీ రంగంటే, ఏ గులాబీ అన్నా?” అంది నర్సరీ నడిపే ఆవిడ.

పెయింటరుకు ప్రాణం లేచొచ్చింది. ప్రతి ఇంటివాళ్లనూ తాను అడిగే ప్రశ్న అదే మరి! ఇద్దరూ రేకులు పక్కపక్కన పెట్టి చూసుకుంటూ ఎండ ఎక్కిందాకా కూర్చున్నారు. కాస్త పసుపు జీర ఉన్న గులాబీ ఒకటి, నీలం జీర ఉన్నది ఇంకొకటి. రెండూ ఒకచోట పెడితే తగవే. అందుకని కాగితంపూల తీగ గేటు మీదికీ, వానలిల్లీ దుంపలు కిటికీ కిందికీ, ఎండ పడని గోడవారకు బంతుల్లాంటి గుత్తులు పూసే హైడ్రేంజియా పొదా అని తేల్చుకున్నారు.

ఆయన గుంతలు తవ్వుతుంటే కిటికీలోంచి కేక వినిపించింది. “ఆ దుంప తలకిందులుగా పెడుతున్నారు! మెడ పైకి ఉండాలి.”

“ఇంట్లో నర్సు, బయట నర్సరీ. మధ్యలో పేషెంటుని నేనే,” అని గొణుక్కుంటూ దుంప తిప్పి పెట్టాడు.

కొన్నాళ్లకు హైడ్రేంజియా గుత్తులు విచ్చుకున్నాయి. నీలంగా! శుభ్రంగా, ఆకాశమంత నీలంగా! ఆయన మొహం చూసి భార్య కట్టు కాలు పట్టుకుని మరీ నవ్వింది. ఆయన ఉడుక్కుంటూ నర్సరీకి పరుగెత్తాడు.

“నేనేం మోసం చెయ్యలేదన్నా. మట్టిలో పులుపెక్కువైతే అది నీలంగానే పూస్తుంది. కాస్త సున్నం కలుపు. వచ్చే పూతకి మెల్లగా గులాబీ రంగుకి తిరుగుతుంది. ఒక్కసారే గుమ్మరించావో, మొక్క దక్కదు.”

“సున్నమా?” పెయింటరు పగలబడి నవ్వాడు. తండ్రి వెంట వెళ్లి గోడలకు సున్నం కొట్టడంతోనే ఆయన పని మొదలైంది. నాడు బకెట్లకు బకెట్లు కలిపిన చేత్తో ఇప్పుడు కూరలో ఉప్పు వేసినట్టు, చిటికెడు చిటికెడు చల్లాడు.

కట్టు విప్పిన వారంలోనే పెద్ద వాన కురిసింది. వెలిసిన రెండు రోజులకు కిటికీ కింద వానలిల్లీలు ఒక్కటీ వెనకబడకుండా, అన్నీ కూడబలుక్కున్నట్టు విచ్చుకున్నాయి. చేతికర్ర సాయంతో గుమ్మం దాకా వచ్చిన ఆమె “అమ్మో!” అని కర్ర వదిలేసి మెట్టు దిగిపోయింది. ఆయన “కర్ర! కర్ర!” అంటూ వెనకాల పరుగు. ఆమె అప్పటికే తడిమట్టిలో కూలబడి, ఒక్కో పువ్వునూ గడ్డం పట్టి పలకరిస్తోంది.

మరుసటి ఏడు హైడ్రేంజియా ఒక పక్క ఊదాగా, ఒక పక్క లేత గులాబీగా పూసింది. అన్ని రంగులు కలిపిన మనిషికీ ఆ రంగుకు పేరు దొరకలేదు. నర్సు డ్యూటీకి వెళ్లబోతూ, తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని రోజూ దాని ముందు కాసేపు నిలబడేది.

ఈమధ్య పెయింటరు ఎవరింటికి వెళ్లినా, గోడకు ఏ రంగు కావాలో అడిగి ఊరుకోవడం లేదు. “అది సరే, దీని ముందు ఏం పూయిస్తారు?” అని కూడా అడుగుతున్నాడు. ఎవరైనా ఆలోచనలో పడ్డారా, బ్రష్షు పక్కన పడేసి వాళ్ల పెరట్లో మట్టి తవ్వి చూపిస్తాడు. ఇంటికొచ్చేసరికి మోకాళ్ల దాకా మట్టి. భార్య చెంబుతో నీళ్లిచ్చి, గుమ్మం బయటే నిలబెట్టి కాళ్లు కడిగిస్తుంది.