ఆంటీ డాగ్‌వుడ్‌కి నేను చేసిన వైద్యం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాలు కూడా ఉంటాయని నాకు తెలియదు. వయసు ఇరవై నాలుగు, ఇంగ్లండులోని బ్రాక్‌నెల్‌లో మొదటి ఉద్యోగం, మెడలో ఎప్పుడూ ఆఫీసు కార్డు (నిద్రపోయేటప్పుడు మాత్రం తీసేవాణ్ణి). ఒక నర్సు ఆంటీ ఇంట్లో మేడ మీద గది అద్దెకి తీసుకున్నాను. ఆంటీది గుడివాడ వైపు. ఆవిడ యాభయ్యో పుట్టినరోజుకి వార్డులోని తోటి నర్సులు ఇచ్చిన డాగ్‌వుడ్ మొక్క, వెనక తోటలో నడుమెత్తు పొదైంది. ఆకు మధ్యలో పచ్చగా, చుట్టూ తెల్లటి అంచుతో ఉండేది. ఆంటీ డ్యూటీ నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా ముందు దాని దగ్గరికే వెళ్ళేది.

ఒక జూన్‌లో ఆవిడ చుట్టాల పెళ్ళికని ఆరు వారాలు ఇండియా వెళ్తూ, టాక్సీలో ఒక కాలు పెట్టి, "అబ్బాయ్, డాగ్‌వుడ్‌కి నీళ్ళు పొయ్యి. పిచ్చి కొమ్మలొస్తే మొదలంటా కోసెయ్" అంది. "మీకెందుకాంటీ, మాది వ్యవసాయ కుటుంబం" అన్నాను. (వ్యవసాయం చేసేది మా బాబాయి. నేను చేసిందల్లా గట్టు మీద కూర్చుని ఆయన క్యారేజీలో అన్నం తినడం.)

రెండో వారంలో ఆ పొదలోంచి రెండు కొమ్మలు నిండు పచ్చగా, బలంగా పైకి లేచాయి. వాటి పక్కన మిగతావన్నీ నాకు రోగిష్టిగా కనిపించాయి. వెంటనే తెనాలి దగ్గర మినుము పండించే బాబాయికి ఫోన్ చేశాను.

"ఆకుల అంచులన్నీ తెల్లబడ్డాయి బాబాయ్."

"పల్లాకు తెగుల్రా అది! మొన్న మన చేను పోయింది దాంతోనే. ఏం మొక్కది?"

"డాగ్‌వుడ్ అంట."

"కుక్కకట్టా? అట్టాంటి పేరెట్టినోళ్ళు దాన్నేం చూసుకుంటార్రా! తెగులున్న కొమ్మలన్నీ కోసెయ్, లేకపోతే తోటంతా పాకుద్ది. మిగిలినదానికి వేపనూనె కొట్టు."

ఆంటీకి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ పెళ్ళి సందడిలో ఉన్న మనిషిని కంగారు పెట్టడం ఎందుకని నా పెద్దమనిషితనం అడ్డొచ్చింది. ఆదివారం పొద్దున్నే కత్తెర పట్టుకుని, ఒక్కో తెల్లంచు కొమ్మకీ మనసులో సారీ చెప్పి కోశాను. తరవాత మనవాళ్ళ కొట్లుండే హేస్ దాకా వెళ్ళి వేపనూనె తెచ్చి, మిగిలిన రెండు పచ్చ కొమ్మలనీ తడిసేలా కొట్టాను. పక్కింటి ముసలాయన కంచె మీదుగా తొంగిచూసి, డ్రైనేజీ పగిలిందా అని అడిగి, ఆరేసిన బట్టలన్నీ లోపలికి తీసుకుపోయాడు.

ఆంటీ వచ్చిన రోజు తోట తలుపు నేనే తీశాను, బహుమతి అందుకోబోయేవాడిలా. ఆవిడ సూట్‌కేసు వదిలేసి నిలబడిపోయింది.

"తెల్లంచు ఆకులేవి అబ్బాయ్?"

"తెగులంతా తీసేశానాంటీ. ఆ రెండూ బతికాయి."

ఆవిడ కత్తెర తీసుకుని, ఆ రెండిటినీ కూడా మొదలంటా కోసేసింది. నేను కెవ్వుమన్నాను.

"ఆ తెలుపు కోసమే నాయనా దీన్ని పెంచేది. పచ్చవే పిచ్చి కొమ్మలు. వదిలేస్తే పొదంతా అవే అయిపోతాయి."

ఇక అక్కడ జానెడు మోళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. ఇంకో మొక్క కొనిస్తానంటే ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మా వార్డు వాళ్ళిచ్చింది ఇదే కదా. చూద్దాం." తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు సరే, చర్చిలో మాత్రం నన్ను "మా ఇంటి డాక్టరుగారు" అని అందరికీ పరిచయం చేసింది.

రోజూ ఆఫీసుకి వెళ్ళే ముందు ఆ మోళ్ళ దగ్గర గొంతుక్కూర్చునేవాణ్ణి. మూడో వారం ఒక పొద్దున ఒక మోడు పక్కన చిగురు కనిపించింది. గోరంత ఆకు, దాని చుట్టూ సన్నగా తెలుపు. నాకు ఒళ్ళు తెలియలేదు. "ఆంటీ! తెగులొచ్చింది! తెగులొచ్చిందాంటీ!" అని అరిచాను. అప్పుడే నైట్ షిఫ్టు నుంచి వచ్చి పడుకున్న ఆవిడ నైటీ మీద కోటు వేసుకుని పరిగెత్తుకొచ్చి, నా పక్కనే తడిగడ్డిలో చతికిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఇప్పుడు నేను ఏ కొమ్మ కోయాలన్నా పుస్తకం చూసి, ఇద్దర్ని అడిగి, చివరికి కోయకుండానే లోపలికి వస్తాను. ఎన్నడూ చూడని మొక్కకి రెండు నిమిషాల్లో రోగం తేల్చేసిన ఆ కుర్రాడు ఎక్కడైనా ఎదురైతే ముందు కత్తెర లాక్కుంటాను. ఆ తరవాత, ఆ ధైర్యం కొంచెం అప్పివ్వమని అడుగుతాను.