తొందరపడి చెప్పిన స్వస్థత

సహోదరులారా, సహోదరీలారా, ఈ మైకు ముందు నిలబడటం నాకు ఇది రెండోసారి, మొదటిసారి నేను చెప్పినదాంట్లో సగం అబద్ధం, అది ఒప్పుకోకుండా ఇంటికి పోతే నాకు ముద్ద దిగదు!

పోయిన ఎండాకాలం ఎల్లారెడ్డిలో వడ్లు ఆరబోస్తుండగా నా ఎడమ పక్క నిప్పు పెట్టినట్టు మండింది, మూడో రోజుకు నడుము మీద వరసగా నీటి పొక్కులు లేచాయి. చూసినవాళ్లంతా సర్పి అన్నారు, పాములా ఒంటిని చుట్టుకునే రోగమట. దాని తల, తోక నడుము చుట్టూ తిరిగి కలిస్తే మనిషి బతకడని మా వాడలో భయం, నేను ప్రార్థన చేసేదాన్నే అయినా పొద్దున లేవగానే అద్దం పట్టుకొని ఆ రెండు కొసలు ఎంత దగ్గరికి వచ్చాయో చూసుకునేదాన్ని! సింహాన్ని చూసి సర్పి పారిపోతుందంటే, మీకెవరికీ తెలియకుండా ఆ పొక్కుల పక్కన ఎర్రమట్టితో సింహం బొమ్మ కూడా వేయించుకున్నాను. అట్లా వారం పాడుచేశాను.

మూడు వారాలకు పొక్కులు ఎండి రాలాయి. నాకు ఆత్రం ఎక్కువ కదా, ఆ ఆదివారమే లేచి పూర్తిగా బాగైందని సాక్ష్యం చెప్పాను, మీరు చప్పట్లు కొడుతుంటేనే లోపల సూదులు గుచ్చినట్టు పోటు లేచింది! ఎవరికి చెప్పను? చెబితే దేవుని పేరు పోతుందేమోనని దాచిపెట్టాను. రెండు నెలలు చీర తగిలినా ప్రాణం పోయేది, ఇక్కడికొచ్చి మాత్రం నవ్వుతూ పాటలు పాడాను.

చివరికి ఒక మధ్యాహ్నం పొయ్యి ముందే కూలబడి ఏడ్చాను. "ప్రభువా, నీ పేరు కాపాడాలని నేను సస్తున్న. బాగ కాలేదని చెప్పే ధైర్యమియ్యి."

లేచి నా భర్తకు అంతా చెప్పాను. ఆయన ఆ రోజే కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయాడు. చిన్నప్పుడు వచ్చిన చికెన్‌పాక్స్ క్రిమే నరంలో దాక్కొని ఇన్నేళ్లకు లేచిందని, అది ఒక పక్క నరం వెంటే పోతుందని, కొసలు కలిస్తే మనిషి చస్తాడనేది ఉత్త భయమని, మొదటి మూడు రోజుల్లో వచ్చి ఉంటే మందు బాగా పనిచేసేదని డాక్టరమ్మ చెప్పింది.

"పొక్కులు పోంగనే నరం మానదు అవ్వా, నెలలు పడతది. మందు నేనిస్త, ఓపిక నువ్వు తెచ్చుకోవాలె."

ఆ ఓపిక నా దేవుడిచ్చాడు, ఆయనకే స్తోత్రం! ఇది ఏడో నెల, పోటు చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు, ఇప్పుడు మాట్లాడుతుంటే కూడా ఒకసారి వచ్చింది. మీలో ఎవరికైనా ఒక పక్కనే మండి పొక్కులు లేస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పొండి, దారి పొడుగునా ప్రార్థన చేసుకుంటూ పొండి, నొప్పిని దేవుని దగ్గర దాచకండి.

ఈసారి చప్పట్లు వద్దు. ఇంకా నొస్తున్న ఈ పక్క కోసం నాతోపాటు మోకాళ్లూనండి.