మునిరత్నం పోతాడు!

ఒక్క మాటతో గెలిచే జట్టును ఓడగొట్టి, స్నేహితుడి చదువును మగ్గం గుంట అంచుదాకా తెచ్చి, నలుగురిలో చెంపదెబ్బ తిన్న ఘనుణ్ణి మీరు చూసి ఉండరు. ఇదిగో, చూడండి. ఆ మాట బూతు కాదు, తిట్టు కూడా కాదు. అసలు అది దీవెన అనుకునే అన్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో నేను తిరుపతి కాలేజీలో చదివేవాణ్ణి. చదువుతున్నానని మా నాయన అనుకునేవాడు. నేను చేసింది మాత్రం బాస్కెట్‌బాల్ జట్టు వెంట తిరగడం. నాకు ఆట రాదు. బంతి నా చేతికి వస్తే ముందు నా ముక్కుకే తగిలేది. కానీ గట్టున నిలబడి అరవడంలో నాకు సాటి ఎవడూ లేడు. జట్టు రేణిగుంటలో ఆడితే నేను రేణిగుంటలో, పుత్తూరులో ఆడితే పుత్తూరులో. ఆటగాళ్ళకు కాళ్ళు నొప్పులు పుడితే నాకు గొంతు బొంగురు. జట్టు గెలిచినప్పుడల్లా సగం గొప్ప నాదేనని నమ్మేవాణ్ణి.

మా జట్టుకు ప్రాణం మునిరత్నం. నగరిలో మగ్గం నేసే ఇంటి పిల్లవాడు, ఆరడుగుల పైచిలుకు మనిషి. ఇంట్లో అరవం, మాతో తెలుగు. బోర్డు కింద వాడి చేతికి బంతి చిక్కిందంటే ఇక అవతలివాళ్ళు తలలు వంచుకోవడమే.

ఆ ఏడు చివరి ఆట చిత్తూరులో, వేలూరు జట్టుతో. గెలిస్తే కప్పు మాది. ముందురోజు మునిరత్నం దిగులు ముఖంతో నా గదికి వచ్చాడు.

"అప్పా, రేపు ఆటకు మా నాయన వస్తా ఉండాడు."

"రానీ. మంచిదే గదా!"

"మంచిది యాడిది? నేను సదువు మానేసి బంతెనక తిరగతా ఉండానని ఎవుడో సాడీలు మోసినాడు. ఆయప్ప కండ్లారా సూస్తాడంట. నచ్చకుంటే అట్నే నగరికి పిల్సకపోయి మగ్గంలో కూసోబెడతాడంట."

"నేనుండాను గదరా! నా పక్కనే కూసోబెట్టుకోని ఆటంతా ఇడమరిసి సెప్తా. నీ అంత మొనగాడు జిల్లాలోనే లేడని ఆయనే ఒప్పుకుంటాడు, సూడు."

వాడు నమ్మాడు. పాపం, నన్ను నమ్మినవాళ్ళలో వాడు మొదటివాడు కాదు.

మర్నాడు చిత్తూరు మైదానంలో మునిరత్నం నాయన కోసం వెతికాను. కొడుకే అంత ఉంటే తండ్రి ఇంకెంత ఉంటాడు? జనంలో తలల పైన తేలే తల కోసం చూశాను. అలాంటి తల కనిపించలేదు. రాలేదేమో అనుకున్నాను. ఈలోపు రెఫరీ విజిల్ ఊదాడు.

ఆట మంచి వేడి మీద ఉండగా నా పక్కకు ఒక పొట్టి ముసలాయన తోసుకుంటూ వచ్చాడు. నా భుజం దాకా కూడా లేడు. మునిరత్నం బంతి తీసుకుని బుట్ట వైపు ఉరికాడో లేదో ఈయన చేతులెత్తి ఒకటే కేక:

"పోడు! పోడు! పోడు!"

మీలో అరవం వచ్చినవాళ్ళకు అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. మాది మదనపల్లెకు అవతల, అరవం గాలి సోకని పల్లె. నాకు తెలిసిన ‘పోడు’ ఒక్కటే, వాడు వెళ్ళడు అని. మావాడు బుట్ట దాకా వెళ్ళడని ఈయన శకునం పలుకుతున్నాడు! పైగా తెలుగువాడై ఉండి! నాకు ఒళ్ళు మండింది.

"ఏమయ్యా పెద్దాయనా, పోడంటావేంది? ఆడు పోతాడు!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "పోతాడా? ఎవురు?"

"ఆ పొడుగాయనే, మునిరత్నం. సూస్తా ఉండు, ఇంకో నిమిషంలో పోతాడు!"

"ఏంబా, మతి ఉండే మాట్లాడతా ఉండావా? బిడ్డ బాగుండాడు గదా!"

"బాగుండాడు గాబట్టే పోతాడంటా ఉండా. పోయిన వారం రేణిగుంటలో మూడుసార్లు పోయినాడు. నా కండ్లతో సూసినా!"

ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "మూడుసార్లు పోయినోడు ఈడెట్లా ఆడతా ఉండాడు?"

"అదే గదప్పా ఆని గొప్ప!"

ఆయన నా దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి జరిగాడు. వాదనలో గెలిచానని నాకు ఉత్సాహం వచ్చింది. వెంటనే మా కాలేజీ పిల్లల వైపు తిరిగి రెండు చేతులూ ఊపాను.

"అందురూ అనండప్పా! మునిరత్నం..."

"పోతాడు!" అంది మా గుంపు.

"మునిరత్నం..."

"పోతాడు!"

మైదానం దద్దరిల్లింది. సరిగ్గా అప్పుడే మునిరత్నం బుట్ట కింద వేలూరువాడికి గుద్దుకుని వెల్లకిలా పడ్డాడు. ఊపిరి పట్టేసి లేవలేకున్నాడు. ముందువరుస వాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. వెనకవాళ్ళకు కనిపించదు కదా, ఇంకా ఉత్సాహంగా "పోతాడు! పోతాడు!" అంటూనే ఉన్నారు.

ముందు నా చెంప ఛెళ్ళుమంది. తర్వాత ముసలాయన గీత దాటి లోపలికి ఉరికాడు. రెఫరీ విజిల్ ఊదుతున్నా వినకుండా మునిరత్నం తల ఒళ్ళో పెట్టుకున్నాడు. వాడు కళ్ళు తెరిచి, "నాయనా!" అన్నాడు.

ఆ ‘నాయనా’ విన్నాక చెంప మంట నాకు తెలియలేదు.

"లెయ్‌రా! ఇంతమంది కూడి నా బిడ్డ పోతాడని అరస్తారా? ఈ ఆటా వద్దు, ఈ సదువూ వద్దు. నడువు నగరికి!"

ఎవరు చెప్పినా ఆగలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని బస్సుల దగ్గరికి లాక్కెళ్ళాడు. మునిరత్నం లేని మా జట్టు ఓడింది. ఎంత తేడాతో అని అడగొద్దు.

ఆ ఓటమి నేను చూడనే లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆటను నడిమధ్యలో వదిలి పరిగెత్తాను. నిజంగా భయం వేసింది. కప్పు గురించి కాదు. నా నోటి తీటకు ఒకడి చదువు ఆగుతుందని. అవి బొగ్గు బస్సుల రోజులు, కుంపటి రాజుకుంటే గానీ బస్సు కదిలేది కాదు. తండ్రీ కొడుకులు బస్సెక్కి కూర్చున్నారు గానీ, డ్రైవరు ఇంకా కుంపటి రాజేస్తున్నాడు. ఆ పొగే నన్ను కాపాడింది.

"పెద్దాయనా, నన్ను ఇంకో చెంప మీద కూడా కొట్టండి. వాణ్ణి మాత్రం దించండి. బంతి తీసుకోని బుట్ట కాడికి పోతాడనే గానీ, ఇంకో అర్థం నాకు తోచనే లేదు. మీరే గదా ముందు పోడన్నారు!"

దగ్గుతూనే మునిరత్నం ఫక్కున నవ్వాడు. "అప్పా, అరవంలో పోడు అంటే ‘వెయ్’ అని!"

నేను ముసలాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు.

"అవునబ్బా," అన్నాడాయన నెమ్మదిగా. "బిడ్డ ఆడేది సూసి నాకే ఒళ్ళు తెలీలేదు. వెయ్యరా వెయ్యరా అని అరిసినా. నువ్వు అడ్డం రాకుంటే అరస్తానే ఉందును."

నేల నోరు తెరిస్తే అందులో దూరేవాణ్ణి. నేను ఎవరికి ఆట నేర్పి మెప్పించాలనుకున్నానో ఆయన నాకంటే ముందే మెచ్చుకుని అరుస్తున్నాడు. మధ్యలో అడ్డుపడిందల్లా నేనే.

ఆయన కొడుకును బస్సు దింపాడు. "ఈడు సదవతాడు, ఆడతాడు. నువ్వు మాత్రం నా బిడ్డను గురించి ఆ మాట ఇంకోసారి అనగూడదు. ప్రమాణం సెయ్."

అక్కడికక్కడే తిరుమల కొండ ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించాను. ఆయన బిడ్డను గురించే కాదు స్వామీ, మనిషి గురించి గానీ, రైలు గురించి గానీ, గొడ్డు గురించి గానీ ఆ మాట ఈ జన్మలో నా అంతట నేను అనను అని మొక్కుకున్నాను. ఇన్నేళ్ళుగా తప్పలేదు. ఇప్పుడు మా ఇంట్లో కరెంటు గురించి కూడా ఆ మాట అనను. రోజుకు నాలుగుసార్లు వెళ్ళొస్తుంది.