చౌడేశ్వరి సరేనన్న లైను

బుక్కరాయసముద్రంలో ఎవరినడిగినా చౌడేశ్వరి ఇల్లు చూపిస్తారు గానీ, ఆమె చేసే పనేమిటో చెప్పలేరు. "కంప్యూటర్లో ఒకరు రాసిందాంట్లో తప్పులు పట్టుకుంటాదంట" అంటారు. నిజమే. బెంగళూరు కంపెనీ ఒకటి అమ్మే నెట్‌వర్క్ పెట్టెల్లో వాటిని నడిపించే మూల ప్రోగ్రాం, లినక్స్ కెర్నెల్, ఉంటుంది. అందులో ఎవరు ఏం మార్చినా చౌడేశ్వరి చదివి సరేననాలి.

ఆమె భర్త లక్ష్మీపతి బోరు బండి మీద నుంచి పడి నడుము విరిగి నాలుగేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. అందుకని ఆమె ఒక్కదానికే ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ఉంది. ఆర్నెల్లకోసారి దాన్ని పొడిగించేది మేనేజరు శ్రీరంగప్ప.

మొన్న మార్చిలో వంశీ అనే ఇంజనీరు ఒక మార్పు పంపాడు. నెట్‌వర్క్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా పోతుంది. దారిలో పారేసిన ప్రతి ప్యాకెట్టూ ఎక్కడ, ఎందుకు పోయిందో చూపించే మార్పు అది. కెర్నెల్లో ప్యాకెట్టును వదిలించుకోవడానికి రెండు ఫంక్షన్లు, అంటే రెండు రకాల ఆదేశాలు, ఉంటాయి. పని ముగిసినదానికి ఒకటి, మధ్యలో పారేసినదానికి ఇంకొకటి. పారేసినదానికి మొదటిది వాడితే ఆ నష్టం ఎక్కడా కనబడదు.

ప్యాకెట్లు వరసలో ఆగే క్యూ నిండినప్పుడు, ఎక్కువైనవాటిని పారేసే చోట ఆ మొదటిదే రాసి ఉంది. వంశీ దాన్ని ముట్టుకోలేదు. చౌడేశ్వరి ఆ కోడు పాత చరిత్ర తీసి చూసింది. ఆ లైను రెండేళ్ల కిందటిది. ఆమోదించినవారి పేరు దగ్గర తన పేరే ఉంది.

ఆ ఏడాదే ఒక కస్టమరు దగ్గర ప్యాకెట్లు మాయమయ్యాయి. అవి ఎక్కడ పోయాయో వెతికే ట్రేసులో ఏమీ దొరకలేదు. కేబుళ్లు సరిగ్గా వేయలేదని చెప్పి, పెట్టెలు బిగించిన నరేంద్రను పనిలోంచి తీసేశారు.

వంశీకి ఫోన్ చేసింది.

"క్యూ దగ్గర లైను చూసినావా?"

"చూసినాక్కా. శ్రీరంగప్ప సారే దాని జోలికి పోవద్దన్నాడు. నష్టం బయటపడితే కస్టమరుకు జవాబు చెప్పాల్నంట."

కాసేపటికి శ్రీరంగప్పే ఫోన్ చేశాడు. "ఏమ్మా, సాయంత్రం లోపల సరే అనేయ్. నీ వెసులుబాటు కాగితం వచ్చే వారం నా దగ్గరికే వస్తాండాది."

"ఆ లైను తప్పు సార్."

"తప్పయితే ఆడ పేరు నీదే గదా, నాది కాదే!"

లోపలి గదిలోంచి లక్ష్మీపతి పిలిచాడు. వెళ్లి అతన్ని పక్కకు తిప్పింది. జరిగింది చెప్పింది. "నేను పడకపోయింటే నీకీ తిప్పలు ఉండేవి కాదు" అన్నాడతను.

"నిన్నెవరన్నా అడిగినారా?" అని కసురుకుంది. అతను గోడవైపు చూశాడు. ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. బయటికి పోదామంటే పోయే చోటు లేదు.

నాలుగు గంటలకు టీమందరికీ రాసింది: "దీన్ని ఆమోదించను. క్యూ దగ్గర లైను తప్పు. రెండేళ్ల కిందట సరిగా చదవకుండా సరేనన్నది నేనే."

లైను సరిచేశారు. ఆ కస్టమరు పెట్టెలో వారం తిరక్కుండానే పారేసిన ప్యాకెట్లు వేలకొద్దీ బయటపడ్డాయి. నరేంద్రకు ఎవరూ చెప్పలేదు. చిలమత్తూరులో సెల్ ఫోన్ల షాపు పెట్టుకున్న అతనికి చౌడేశ్వరే ఫోన్ చేసింది.

"ఇప్పుడు చెప్తాండావా అక్కా? నేనే సరిగ్గా బిగించలేదేమో అని రెండేళ్లు నన్ను నేనే తిట్టుకున్నా" అని ఫోన్ పెట్టేశాడు.

రివ్యూ పని ఆమె నుంచి తీసేశారు. వెసులుబాటు మూడు నెలలే పొడిగించారు. ఆమె అర్జీ పెట్టిన కంపెనీలన్నీ బెంగళూరు రమ్మంటున్నాయి. లక్ష్మీపతి పొమ్మంటాడు. ఎట్లా పోవాలో అతనూ చెప్పలేడు.