బస్తాల కొలతకి కట్టిన కేరియర్

మా ఆయన జీపు మీద కేరియర్ కట్టినప్పుడు జీపు కొలతలు తీసుకోలేదు, బస్తా కొలతలు తీసుకున్నారు. అడ్డంగా రెండు బస్తాలు, నిలువుగా మూడు. వ్యాపారం చేసేవాళ్ళ బుర్ర అలాగే నడుస్తుంది. కింద బండి ఎంత ఉందన్నది తర్వాతి సంగతి. తీరా బిగించాక చూస్తే రెండు పక్కలా జానెడేసి బయటికి పొడుచుకొచ్చి, చంటిపిల్లాడికి తాతగారి తలపాగా పెట్టినట్టు ఉంది. వీధిలో అందరూ వచ్చి చూసి మెచ్చుకున్నారు. మా ఊళ్ళో కొత్తగా ఏం కనిపించినా మెచ్చుకునేవారు. చలికాలం సాయంత్రాలు చూడ్డానికి మంచు తప్ప ఇంకేమీ ఉండేది కాదు మరి.

ఇది తొంభైల్లో మాట. చింతపల్లిలో మాకు కిరాణా కొట్టు ఉండేది. కొండ మీది గూడేలవాళ్ళు సంతకి పసుపు, పిప్పళ్ళు, రాజ్‌మా, చింతపండు తెస్తే కొనేవాళ్ళం; ఉప్పు, కిరసనాయిలు, సబ్బులు అమ్మేవాళ్ళం. కింద మైదానం నుంచి వచ్చి కొట్లు పెట్టుకున్న మాలాంటివాళ్ళని సావుకార్లు అనేవారు. ఆ మాటలో గౌరవం పాలెంతో, ఎత్తిపొడుపు పాలెంతో నాకు ఇప్పటికీ తేలలేదు.

జీపు వేలంలో కొన్నది. ఏదో ఆఫీసులో వాడి వాడి వదిలేసినది. దానికి ఫోర్ వీల్ గేరు ఉందని, రోడ్డు లేనిచోటికి కూడా వెళ్ళిపోతుందని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. మాకు రోడ్డు ఉన్నచోట కూడా రోడ్డు ఉండేది కాదు కాబట్టి ఆ గేరుకి పని బాగానే దొరికేది. పైన మాత్రం రేకు లేదు, రెక్సిన్ టాపు. దాని మీద బస్తా వేస్తే బస్తా వచ్చి మన ఒళ్ళో కూర్చుంటుంది. అందుకని సొంత కాళ్ళ మీద నిలబడే కేరియర్ కావలసి వచ్చింది. నర్సీపట్నంలో ఏ వెల్డింగు షాపులోనైనా ఒక్క పూటలో చేసి ఇస్తారు. కానీ వాళ్ళు చేసిస్తే, "నేనే సేసినాను" అని చెప్పుకోవడం కుదరదు కదా. ఒకరోజు అన్నానికి పిలవడానికి వెళ్ళేసరికి ఆయన కొట్లో ర్యాకులు విప్పేస్తున్నారు.

"ఏటి సేత్తన్నారు?" అన్నాను.

"సూత్తూ ఉండు," అన్నారు.

చూస్తూనే ఉన్నాను, ఇంకేం చేస్తాను. అవి చిల్లులున్న ఇనప పట్టీలకి నట్లూ బోల్టులూ బిగించి కట్టిన ర్యాకులు. సబ్బులు, అగ్గిపెట్టెలు, నూనె డబ్బాలు నేల మీదికి దిగాయి, ఇనప పట్టీలు జీపెక్కాయి. ముందు బంపరు మీద రెండు కాళ్ళు, వెనక బాడీ మూలల్లో రెండు కాళ్ళు, పైన చట్రం, చట్రం మీద వెదురు బద్దలు, బస్తాలు జారిపోకుండా చుట్టూ మోకాలెత్తు కటకటాలు. మిగిలిన ముక్కలతో వెనకవైపు మెట్లు కూడా కట్టారు. మొదటిరోజు బండి కదిలితే వంటపాత్రలు ఊరేగింపుకి బయల్దేరినట్టు మోగింది. అప్పుడు సైకిలు షాపుకెళ్ళి పాత ట్యూబులు తెచ్చి, ముక్కలు కోసి, ప్రతి అతుకులోనూ ఇరికించారు. నట్టు మీద నట్టు బిగించారు. అయినా సంత నుంచి వస్తూ రాలిపోయిన నట్ల కోసం దారిలో వెనక్కి నడిచిన రోజులున్నాయి. కొట్లో మాత్రం ఏ సరుకు ఏ గుట్ట కింద ఉందో నాకు తప్ప దేవుడికి కూడా తెలియని పరిస్థితి వచ్చింది.

కేరియర్ ముందు భాగాన రేకు ముక్క కట్టి, దాని మీద ఎర్ర రంగుతో "సరుకు మాత్రమే" అని రాశారు. అక్షరాలు గుండ్రంగా, అందంగా వచ్చాయి. మొదటి సంతనాడే దాని మీద పదిమంది ఎక్కి కూర్చున్నారు. చదువు రానివాళ్ళు ఎక్కారంటే సరే. అందరికంటే ముందు ఎక్కింది బడి పంతులు. "బస్తాలకి కట్టినాను బాబూ, మనుసులికి కాదు!" అని మా ఆయన కింద నిలబడి అరిచేవారు. పైనున్నవాళ్ళు ఎంతో మర్యాదగా వినేవారు. దిగేవారు కాదు. మెట్లు కూడా కట్టి పెట్టాక ఎక్కవద్దంటే ఎవరు వింటారు? నాకైతే నవ్వు ఆగేది కాదు. ఆయన అరిచి అరిచి లోపలికి వచ్చి, ఆ కోపం చారులో ఉప్పు మీద చూపించేవారు.

నేను కొట్టు గుమ్మంలో కూర్చుని ఆ జీపు రావడం, పోవడం చూస్తూ ఉండేదాన్ని. అలా చూస్తూ చూస్తూ ఒక సంగతి కనిపెట్టాను. జీపు లోపల నుంచి దిగినవాళ్ళు దిగీ దిగగానే రోడ్డు పక్కన కూలబడి తల పట్టుకునేవారు. పైనుంచి దిగిన ఆడవాళ్ళు మాత్రం అడ్డపొగ చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, కావళ్ళు సర్దుకుని, నవ్వుకుంటూ తిన్నగా సంతలోకి వెళ్ళిపోయేవారు. ఒక్కరంటే ఒక్కరు కక్కుకోగా చూడలేదు. ఇది నాకు ఎందుకంత ముఖ్యమైపోయిందో చెప్పాలి.

నాది నర్సీపట్నం దగ్గర పల్లె. పెళ్ళి చేసుకుని, మలుపుల కొండదారి, ఘాటీ ఎక్కి వచ్చాను. వచ్చినవాళ్ళందరూ ఆ ఘాటీ ఎంత అందంగా ఉంటుందో అంటారు. నాకు తెలిసిన ఘాటీ ఒక పాలిథిన్ సంచి. మొదటి మలుపులో దాన్ని విప్పితే ఆఖరి మలుపుకి గానీ ముడి వేసేదాన్ని కాదు. దిగాక కూడా రెండ్రోజులు నేల కదులుతూనే ఉండేది. మందులకి లోటు లేదు. నిమ్మకాయ వాసన చూడమన్నారు, చూశాను. చింతపండు బుగ్గన పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. పొట్ట మీద న్యూస్ పేపరు కట్టుకుంటే తిప్పదన్నారు. అదీ కట్టుకున్నాను, రాజకీయాలన్నీ చెమటకి తడిసి నా ఒంటికి అంటుకున్నాయి గానీ కడుపు మాత్రం మాట వినలేదు.

నాన్న చిన్నప్పుడే పోయాడు. నాకు పెళ్ళైన రెండో ఏడు అమ్మ పోయింది. కబురు రాగానే బస్సెక్కాను. ఊళ్ళో నన్ను బస్సులోంచి దింపి, మోసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టారు. అమ్మ వీధి అరుగు మీద, నేను లోపల మంచం మీద. మా చెల్లి అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల. అరుగు దగ్గరికి ఒకసారి, నా దగ్గరికి ఒకసారి తిరిగింది. దాన్ని దగ్గరికి తీసుకుని ఓదార్చవలసినదాన్ని నేను, అది నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఆ తర్వాత దాన్ని మా పిన్ని పెంచింది. పిన్ని మంచిదే. ఆ మంచితనం గురించి తనే చెబుతూ ఉంటుంది కాబట్టి మనం వెతుక్కోవలసిన పని ఉండదు.

చెల్లి పెళ్ళి నిశ్చయమైనప్పుడు కూడా అదే జరిగింది. అవతల తాంబూలాలు మార్చుకుంటున్నారు, ఇవతల నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. పిన్ని గొంతు వినిపించింది. "దానికి ఒంట్లో బాగోదు కదా, పీటల మీద మేం కూకుంటాంలే. అది వత్తే అచ్చింతలేత్తాది, రాకపోతే ఏటి ఫరవానేదు." మాకు తల్లీ తండ్రీ లేనప్పుడు పెద్దకూతురూ అల్లుడూ కూర్చుని పిల్లని ధారపోస్తారు. అది నా చోటు. అమ్మని పంపేటప్పుడు నిలబడలేకపోయాను, దీన్ని పంపేటప్పుడైనా నా కాళ్ళ మీద నేను నిలబడి, దాని చెయ్యి నా చేత్తో ఇవ్వాలి. అంతకంటే నాకేమీ అక్కర్లేదు. ఆ మంచం మీదే అనుకున్నాను. పీటల మీద మనమే కూర్చోవాలని ఇంటికొచ్చాక ఆయనకీ చెప్పాను.

ముందే వెళ్ళి కోలుకోవచ్చు కదా అంటారేమో. ముహూర్తం సరిగ్గా సంత మర్నాడు పెట్టారు. సంతనాడు నేను లేకపోతే సబ్బు అడిగినవాడికి మా ఆయన ఉప్పు ఇచ్చి పంపుతారు. ర్యాకులు జీపు మీద ఉన్నాయి మరి.

ఒకరోజు ఆయన అన్నం తింటుంటే చెప్పేశాను.

"పెళ్ళికి నేను టాపు మీద కూకుని వత్తాను."

కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "అది సరుక్కి కట్టింది."

"నన్నూ సరుకే అనుకోండి. తాడేసి కట్టండి."

"సావుకారు పెళ్ళాం బస్తాల మీద కూకుని ఊరేగితే నలుగురూ ఏటనుకుంటారు?"

"మొన్న మంచం మీద పడి కక్కుకుంటే నలుగురూ ఏటనుకున్నారో, ముందు అది సెప్పండి."

ఆయన చారు పోసుకున్నారు. మర్నాడు ఒక సంచి నిండా నిమ్మకాయలు తెచ్చి పెట్టారు. అదే ఆయన జవాబు. ఆ నిమ్మకాయలు ఊరగాయ పెట్టాను.

పెళ్ళిరోజు తెల్లవారుతుండగా బయల్దేరాం. పైన పెళ్ళింటికి పసుపు బస్తా, రాజ్‌మా బస్తా. ముందు సీట్లో నేను, పొట్ట మీద పేపరు, చేతిలో సంచి. లంబసింగి దాకా నా ప్రాణం నా దగ్గరే ఉంది. అక్కణ్ణించి దిగుడు మొదలై, మొదటి మలుపు తిరిగిందో లేదో, "బండి ఆపండి," అన్నాను. పాపం, కక్కుకోవడానికనుకుని బేగి ఆపారు. నేను దిగి, పేపరు తీసి అవతల పారేసి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వెనక మెట్లెక్కేశాను.

"దిగు. ఎవులైనా సూత్తే పరువుపోద్ది. దిగంతే!"

"పీటల మీద మీరొక్కరే కూకుంటారా? పెళ్ళాం లేకండా కాళ్ళు కడిగితే ఒప్పుకుంటారేమో, ముందెళ్ళి అడిగి రండి."

ఆయన కొత్త పట్టుపంచె కొనుక్కున్నారు. మరదలి పెళ్ళిలో పీటల మీద కూర్చుంటున్నానని చింతపల్లి అంతా చెప్పుకున్నారు. అది నాకు తెలుసు, తెలిసే అన్నాను. ఆయన కాసేపు నా వైపు, కాసేపు లోయ వైపు చూశారు. తర్వాత సీటు కింద నుంచి పానా తీసి, చుట్టూ తిరిగి ఒక్కొక్క నట్టూ బిగించడం మొదలుపెట్టారు. నా మొహం చూడలేదు. బిగించిన నట్టునే మళ్ళీ బిగించారు. ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, పోనీలే దిగిపోదామా అని కూడా అనిపించింది. దిగలేదు.

"కటకటాలు గట్టిగా అట్టుకో. కొమ్మలొత్తే వొంగు," అన్నారు.

బస్తాకని వదిలిన చోటు నాకు అతికినట్టు సరిపోయింది. పెళ్ళైన కొత్తలో నన్ను బస్తా అని వెక్కిరించిన మనిషి కొలతలు అంత ఖచ్చితంగా తీసుకున్నందుకు మొదటిసారి సంతోషించాను. జీపు ఎడ్లబండి కంటే నెమ్మదిగా కదిలింది. ప్రతి మలుపులోనూ కింద నుంచి ఒక కేక.

"ఉన్నావా?"

"ఉన్నాను!"

పదేళ్ళ పైగా ఎక్కి దిగుతున్న దారిని ఆ రోజు కళ్ళు తెరిచి చూశాను. వెదురు పొదలు, వాటి వెనక ఇంకో కొండ, దాని వెనక ఇంకోటి, కింద ఎక్కడో అరచేతంత పొలాలు. చెట్లు ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి. కదులుతున్నది మేమే. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ నా కడుపుకి ఎవరూ చెప్పలేదు. చల్లగాలి మొహాన కొడుతుంటే ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఎదురుగా ఒక సర్వీసు జీపు ఎక్కి వస్తోంది, దాని టాపు మీద మా సంతకి వచ్చే ఆడవాళ్ళు. నన్ను చూసి ముందు నోళ్ళు తెరిచారు. "సావుకారమ్మోయ్!" అని కేకేసి, చేతులూపి, పగలబడి నవ్వారు. నేనూ ఊపాను. కొట్లో ఇన్నేళ్ళుగా వాళ్ళు నాతో అలా నవ్వింది లేదు.

ఘాటీ దిగాక ఆయన బండి ఆపారు. "సాపు రోడ్డొచ్చింది. ఇంక దిగి లోపల కూకో."

"అలవాటైపోనాదండి," అన్నాను.

పందిరి ముందు జీపు ఆగేసరికి బస్తాలు దింపడానికి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. రెండు బస్తాలు దించారు. మూడోది, "నన్నొగ్గండి, నేనే దిగుతాను," అంది. జుట్టంతా రేగిపోయి, పమిట నిండా ఆకులతో దిగాను. పిన్ని పట్టుచీర కట్టుకుని, కాళ్ళకి పసుపు రాసుకుని, పీటల మీద కూర్చోవడానికి తయారుగా ఉంది. నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"ఒంట్లో ఎలాగుందే?"

"ఆకలేత్తంది పిన్నీ."

నిజంగానే వేస్తోంది. వంటవాళ్ళ దగ్గర ఉప్మా ఘుమఘుమలాడుతోంది. అటు రెండడుగులు వేశాను. పిన్ని నా రెక్క పట్టుకుని ఆపింది. 

"పీటల మీద కూకునేవోళ్ళు తినకూడదే," అంది. నా పమిట మీది ఆకులు దులిపి, చీర మార్చుకోమని లోపలికి తీసుకెళ్ళింది. పదేళ్ళు పెంచిన పిల్లని అంత చిన్న మాటతో నాకు ఇచ్చేసింది. ఆవిడ మంచితనం గురించి ఆవిడ చెప్పుకోని సంగతి అదొక్కటే అనుకుంటాను.

పగటి ముహూర్తం. తెర అవతల పెళ్ళికొడుకు. నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే మా ఆయన అతని కాళ్ళు కడిగారు, చాలా శ్రద్ధగా, జీపు చక్రాలు కడిగినట్టు. తర్వాత చెల్లి చెయ్యి నా చేతిలోకి వచ్చింది. తల దించుకుని కూర్చున్న గుంట తల ఎత్తి నా మొహంలోకి చూసింది.

"బాగున్నావా అక్కా?" అంది.

ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ, నేను ఘాటీ దిగి వచ్చిన ప్రతిసారీ మంచం పక్కన నిలబడి అది అడిగే మాట అదే. నేను కళ్ళు మూసుకుని, బాగున్నానే, అనేదాన్ని.

"బాగున్నానే," అన్నాను, దాన్నే చూస్తూ.

అప్పుడు గానీ అది ఏడవలేదు.