ఒక్క పేరు చెప్పమంది

నా చిన్నప్పుడు మా ఊరి పక్కన కాలువ తవ్వడానికి ఎక్కడినుంచో కూలీలు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఆ ఏడే పంచాయతీ ఎలక్షన్లు. పోటీకి నిలబడ్డ ఒకాయన బడి ముందు జనాన్ని పోగేశాడు. కోళ్ళు పోతున్నది వాళ్ళ వల్లే, నన్ను గెలిపిస్తే ఆ గుడిసెలు పీకించేస్తాను, సరేనన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. చేతులు లేచాయి.

మంత్రసాని మా నాయనమ్మ ఆయన్ని తిట్టలేదు. "వాళ్ళలో ఒక్కరి పేరు చెప్పు బాబూ, ఆ మనిషిని నేనే పంపించేస్తా" అంది. ఆయనకు ఒక్క పేరూ తెలియదు. ఎత్తిన చేతులు కొన్ని దిగాయి, కొన్ని దిగలేదు. గుడిసెలు మాత్రం ఉండిపోయాయి. నాయనమ్మది మొండి ధైర్యం అన్నారు అందరూ. ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డదాన్ని నేను. అది ఎంత వణికిందో నాకే తెలుసు.

ఇన్నేళ్ళకు ఇక్కడ కెనడాలో, సర్రీలో, ఆ చెయ్యి గుర్తొచ్చింది. మా ఆయన పోయాక, కాలేజీకని వచ్చిన నల్గొండ పిల్ల మా బేస్‌మెంట్‌లో ఉంటోంది. ఇళ్ళు దొరకనిదీ, పనులు దొరకనిదీ బయటి దేశాల స్టూడెంట్ల వల్లే, అందరినీ వెనక్కి పంపాలని ఒక కొత్త పార్టీ మనిషి ఓట్లడుగుతూ కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టాడు.

"ఓటు నాకుంది, ఇంగ్లీషు నీకుంది, పద" అన్నాను.

"నా వర్క్ పర్మిట్ ఇంకా రాలే ఆంటీ. ఎవడన్న వీడియో తీస్తే నా గతేం గావాలె?" అంది. అయినా చెప్పులేసుకుంది.

హాల్లో ముందు వరుసలో చప్పట్లు కొడుతున్నది మా వీధి తెలుగాయనే. మోకాలి ఆపరేషనప్పుడు నెలరోజులు ఆయనకు మందులు తెచ్చిపెట్టింది ఈ పిల్లే.

మైకు నా దగ్గరికి వచ్చింది. ఎవర్ని పంపుతావో ఒక్క పేరు చెప్పమన్నాను. పిల్ల ఇంగ్లీషులో అడిగింది. ఆ మనిషి నవ్వి, అందరినీ అన్నాడు. మా వీధాయన వైపు తిరిగాను.

"నీకు మందులు తెచ్చిన పిల్ల పేరు నువ్వు చెప్పు బాబూ."

"కూర్చోండి ఆంటీ, పరువు తీయకండి. చదువుకీ అనుభవానికీ గవర్నమెంటు వేసే పాయింట్లతో వచ్చా నేను, వీళ్ళలాగా కాదు."

"పేరు చెబితే కూర్చుంటా."

ఆయన తల దించుకున్నాడు. చప్పట్లు ఆగాయి. ఫోన్లు మా వైపు లేచాయి. మైకు పిల్ల చేతిలోనే ఉంది. తన పేరు, ఊరు, కాలేజీ తనే చెప్పుకుంది.

ఆ మనిషికి ఓట్లు బాగానే పడ్డాయి, గెలవలేదు. పిల్ల పర్మిట్ కోసం ఇంకా ఫోను చూసుకుంటూనే ఉంది. ఆ రోజు హాల్లో ఉన్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంది. నాయనమ్మ చేతి వణుకు అప్పుడే నా చేతిలోకి వచ్చేసింది. ఆ సంగతి ఇప్పుడు ఈ పిల్లకూ తెలుసు.