మధ్యలో బల్బు

నాన్న వదిలి వెళ్లిన వాల్వుల రేడియోగ్రామ్‌ను ట్రాలీ ఆటోలో మన్సూరాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ తెచ్చేసరికి నా నడుం పోయింది. ఇద్దరు మెకానిక్‌లు అప్పటికే దాన్ని ముట్టబోమన్నారు. అందుకే మూడో అతనికి, ఇది నవాబుగారి బహుమతి అనీ, మొన్నటిదాకా పాడిందనీ చెప్పాను.

అతను నేరుగా ప్లగ్గు పెట్టబోయాడు. మాడిపోతే నాన్న గుర్తు ఇంకేమీ మిగలదు.

"ఆగు తమ్మీ. ఇరవై ఏండ్లాయె పాడక."

అతను కరెంటు తీగ మధ్యలో వంద వాట్ల బల్బు కలిపి స్విచ్చి వేశాడు. బల్బు భగ్గున వెలిగింది.

"లోపల షార్టున్నది. గీ బల్బు లేకుంటే ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుండె. ఇంకేమన్న అబద్ధాలున్నయా అన్నా?"

"నవాబు గూడ లేడు."

"గది నాకెర్కనే."

సాయంత్రానికి పాత కండెన్సర్లు మార్చాడు. ఈసారి బల్బు మసకగా వెలిగింది. "ఇగ భయం లేదు," అన్నాడు. అప్పుడు గానీ నేను స్టూలు మీద కూలబడలేదు.